ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు: ఎందుకు అరుగుతాయి, ఇంటి దగ్గర ఎలా మార్చుకోవాలి

కారు నడుస్తుండగా ముందు చక్రం వైపు నుంచి సన్నని కీచుశబ్దం మొదలవుతుంది. బ్రేకు వేస్తే ఒక్కోసారి హెచ్చుతుంది, ఒక్కోసారి మాయమవుతుంది. దుమ్ము చేరిందని కొందరు, వానకు తడిసిందని కొందరు సరిపెట్టుకుంటారు. అద్దాలు ఎత్తేసి పాటలు పెట్టుకునేవారూ ఉన్నారు. చాలా కార్లలో ఆ శబ్దం కావాలని పెట్టిన హెచ్చరిక. బ్రేకు ప్యాడు వెనుక ఉండే రేకుకు చిన్న ఉక్కు నాలుక ఒకటి బిగించి ఉంటుంది. ప్యాడు అరిగి రెండు మూడు మిల్లీమీటర్ల మందానికి వచ్చేసరికి ఆ నాలుక తిరిగే డిస్కును తాకి కూత పెడుతుంది. దాన్నీ పట్టించుకోకపోతే ఆ తరువాత వినిపించేది కీచుశబ్దం కాదు, గరగర. అంటే రాపిడి పదార్థం పూర్తిగా పోయి, ఉక్కు రేకు నేరుగా డిస్కును గీస్తోందన్నమాట. ప్యాడ్లతో పోయే ఖర్చుకు అప్పుడు డిస్కులు కూడా తోడవుతాయి. దానికంటే పెద్ద సంగతి, బండి ఆగాల్సిన చోట ఆగదు.

ముందు ప్యాడ్లు మార్చడం కారు పనుల్లో కష్టమైనదేమీ కాదు. కొద్దిపాటి పనిముట్లు, ఒక పూట తీరిక, కారుతో పాటు ఇచ్చిన పుస్తకం ఉంటే ఇంటి ముందే చేసుకోవచ్చు. అయితే ఈ పనిలో ప్రాణం మీదికి తెచ్చే తప్పులు రెండు మూడు ఉన్నాయి. అవి ఎక్కడ జరుగుతాయో తెలియాలంటే బ్రేకు ఎలా పనిచేస్తుందో ముందు అర్థం కావాలి.

వేగం వేడిగా మారే చోటు

వెయ్యి కిలోల కారు గంటకు 80 కి.మీ. వేగంతో పోతోందనుకుందాం. దాని గతిశక్తి దాదాపు 2,47,000 జౌళ్లు. 20 డిగ్రీల దగ్గరున్న ముప్పావు లీటరు నీటిని మరిగే స్థాయికి తేవడానికి ఈ శక్తి సుమారుగా సరిపోతుంది. బండి ఆగినప్పుడు ఈ శక్తి ఎక్కడికీ పోదు, వేడిగా మారుతుంది. ఆ మార్పు నాలుగైదు సెకన్లలో, అరచేతిలో పట్టే ప్యాడ్లకూ పళ్లెమంత డిస్కులకూ మధ్య జరగాలి. వేగం సగానికి తగ్గి 40 కి.మీ. అయితే శక్తి సగం కాదు, నాలుగో వంతుకు తగ్గుతుంది. ఊళ్లో నెమ్మదిగా నడిపే కారుకూ, రహదారి మీద పరిగెత్తి చెక్‌పోస్టుల దగ్గర ఒక్కసారిగా ఆపే కారుకూ ప్యాడ్ల ఆయుష్షులో అంత తేడా రావడానికి ఇదే ముఖ్య కారణం.

ఈ వేడిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. బ్రేకు వేయగానే ప్రయాణికులు ముందుకు ఒరిగినట్టే కారు బరువు కూడా ముందు చక్రాల మీదికి జరుగుతుంది. నిలిచి ఉన్నప్పుడు ముందు 600 కిలోలు, వెనుక 400 కిలోలు మోసే చిన్న కారు గట్టిగా బ్రేకు పడినప్పుడు ముందు 760, వెనుక 240 కిలోలు మోస్తుంది. బరువు తగ్గిన వెనుక చక్రాలను గట్టిగా పట్టుకుంటే అవి జారతాయి. అందుకే మన దేశంలోని చాలా చిన్న కార్లకు ముందు డిస్కు బ్రేకులు, వెనుక డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. ముందు ప్యాడ్లు త్వరగా అరగడం వాటి పనిలో భాగం.

20 కిలోల కాలు, 500 కిలోల పట్టు

డిస్కు అంచును పీతకొండిలా పట్టుకుని ఉండే భాగాన్ని క్యాలిపర్ అంటారు. దానిలో ఒక పక్క పిస్టన్, రెండు పక్కలా చెరొక ప్యాడు ఉంటాయి. పెడల్‌ను కాలితో నొక్కితే ఆ ఒత్తిడి సన్నని గొట్టాల్లోని ద్రవం ద్వారా పిస్టన్‌కు చేరుతుంది. మూసి ఉన్న ద్రవంలో ఒత్తిడి అన్ని దిక్కులా సమానంగా పాకుతుందన్న పాస్కల్ సూత్రమే ఇక్కడ పనిచేసేది. పెడల్ మీటలా నాలుగు రెట్లు బలం పెంచుతుందనుకుందాం. మాస్టర్ సిలిండర్ వ్యాసం 20 మి.మీ., క్యాలిపర్ పిస్టన్ వ్యాసం 50 మి.మీ. అయితే వైశాల్యాల నిష్పత్తి 6.25. అంటే 20 కిలోల బరువుతో కాలు వేస్తే పిస్టన్ దగ్గర అది 500 కిలోలు. ఇంజను నడుస్తున్నప్పుడు వాక్యూమ్ బూస్టరు దీన్ని మరికొన్ని రెట్లు పెంచుతుంది.

ప్రకృతి దేన్నీ ఊరికే ఇవ్వదు. బలం పెరిగిన మేరకు కదలిక తగ్గుతుంది. ఇదే లెక్కలో పెడల్ 100 మి.మీ. కిందికి దిగితే రెండు ముందు పిస్టన్లు ఒక్కొక్కటి 2 మి.మీ. కదలడం కూడా గగనమే. ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి, చివర్లో దీనితో పని పడుతుంది.

పిస్టన్ ఒక పక్కనే ఉన్నా ప్యాడ్లు రెండూ సమానంగా నొక్కుకుంటాయి. క్యాలిపర్ రెండు నున్నని పిన్నుల మీద అటూ ఇటూ జరిగేలా కూర్చుని ఉండటమే దానికి కారణం. పిస్టన్ లోపలి ప్యాడును డిస్కు మీదికి నెట్టగానే, ప్రతిచర్యగా క్యాలిపర్ వెనక్కి జరిగి బయటి ప్యాడును లాగుతుంది. పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుంటే ఈ ఏర్పాటు దెబ్బతింటుంది.

కాలు తీసినప్పుడు పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగు ఏదీ ఉండదు. పిస్టన్ చుట్టూ ఉన్న నలుచదరపు రబ్బరు రింగు బ్రేకు వేసినప్పుడు కొద్దిగా మెలిపడుతుంది. ఒత్తిడి పోగానే అది తన ఆకారానికి వచ్చి, పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. ప్యాడు అరిగిన కొద్దీ పిస్టన్ రింగులో జారి ముందుకు కదులుతుంది, మళ్లీ అంతే సందు మిగులుతుంది. ఎవరూ సర్దనక్కర లేకుండా ప్యాడు చివరిదాకా డిస్కు పక్కనే ఉండేది ఈ చిన్న రబ్బరు రింగు వల్లనే. బయటకు జరిగిన పిస్టన్ వెనుక ఖాళీని ద్రవం నింపుతుంది కాబట్టి, బానెట్ కింద ఉండే బ్రేకు ద్రవం డబ్బాలో మట్టం నెమ్మదిగా తగ్గుతుంది. అది కారడం వల్ల కాకపోవచ్చు. డబ్బాలో మట్టం తగ్గితే ముందు ప్యాడ్లు చూడాలి, ఆ తరువాతే ద్రవం పోయాలి.

తోలు నుంచి రెసిన్ దాకా

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులతో కలిసి భర్త తయారుచేసిన మోటారు బండిలో జర్మనీలోని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వంద కి.మీ.కు పైగా ప్రయాణించారు. దారిలో పల్లాలు దిగేటప్పుడు బ్రేకు దిమ్మెలు అరిగిపోతే, ఆమె ఒక చెప్పులు కుట్టే వ్యక్తి చేత వాటికి తోలు వేయించారని చెబుతారు. రాపిడికి వేరే పదార్థాన్ని తొడిగి, అరిగితే దాన్ని మాత్రమే మార్చుకోవడమన్న ఆలోచన నేటి ప్యాడ్లలోనూ అదే. 1902లో బ్రిటన్‌లో ఫ్రెడెరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు పొందారు. ఆయన వాడిన రాగి ప్యాడ్లు చెవులు చిల్లులు పడేలా అరిచేవి.

ఇప్పటి ప్యాడు ఒక మిశ్రమం. పట్టి ఉంచే రెసిన్, బలాన్నిచ్చే నారలు, లోహపు పొడులు, గ్రాఫైట్, గరుకు రేణువులు అన్నీ కలిపి, వేడిలో ఒత్తి ఉక్కు రేకుకు అతికిస్తారు. దాని ఘర్షణ గుణకం సాధారణంగా 0.3, 0.4 ప్రాంతంలో ఉంటుంది. ఇంకా ఎక్కువ ఉంటే మంచిది కదా అనిపించవచ్చు. కానీ చల్లగా ఉన్నప్పుడూ, మండుతున్నప్పుడూ, తడిసినప్పుడూ దాదాపు ఒకేలా పట్టడమే మంచి ప్యాడు లక్షణం. ఒకప్పటి ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ వాడేవారు. దాని ధూళి ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణమవుతుంది. పేరూ ఊరూ లేని చౌక ప్యాడులో ఏముందో కంటితో చూసి చెప్పలేం కాబట్టి, ప్యాడు ధూళి ఏదైనా ప్రమాదకరమనే భావించాలి. చాలా షెడ్లలో గాలి గొట్టంతో ఆ ధూళిని బుస్సున ఊదేస్తుంటారు. అది మానుకోవలసిన అలవాటు. ముఖానికి మాస్కు వేసుకుని, బ్రేకు క్లీనరుతో గానీ తడిగుడ్డతో గానీ తుడవడమే పద్ధతి.

కారును ఎత్తడం

ఒకే పక్క ప్యాడ్లు మార్చకూడదు. ఎడమ, కుడి చక్రాలు రెండింటికీ కలిపి ఒకే సెట్టు వేయాలి. లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

నేల చదునుగా, గట్టిగా ఉండాలి. కారును గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు లాగి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టాలి. చక్రపు నట్లను కారు నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేయాలి. గాలిలోకి లేచాక నట్లతో కుస్తీ పడితే జాకీ ఒరుగుతుంది. పుస్తకంలో చూపిన చోటే జాకీ పెట్టాలి, పక్కన ఇంకో చోట పెడితే రేకు వంగుతుంది.

ఇక్కడ మొదటి ప్రాణాంతకమైన తప్పు. కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికి ఇచ్చింది, దాని మీద బండిని నిలబెట్టి పనిచేయడానికి కాదు. ఎత్తాక బరువును ఉక్కు స్టాండు మీదికి దింపాలి. స్టాండుకు బదులు ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టడం చాలాచోట్ల కనిపిస్తుంది. అవి నిలువు బరువును మోస్తాయి, నిజమే. కానీ బరువు ఒక మూల మీద పడితే ముందస్తు సూచన ఏమీ లేకుండా పగులుతాయి. ఉక్కు వంగుతుంది, ఇటుక ఒక్కసారిగా విరిగిపోతుంది. స్టాండు లేకపోతే ఈ పని మొదలుపెట్టకుండా మెకానిక్ దగ్గరకు వెళ్లడమే తెలివి. విప్పిన చక్రాన్ని కారు అంచు కింద అడ్డంగా పడుకోబెట్టడం అదనపు జాగ్రత్త.

ప్యాడు విప్పడం, బిగించడం

స్టీరింగును తిప్పితే క్యాలిపర్ వెనుక భాగం బయటికి కనిపిస్తుంది. అక్కడ పిన్నులను పట్టి ఉంచే రెండు బోల్టులు ఉంటాయి. చాలా కార్లలో కింది బోల్టు ఒక్కటి తీస్తే చాలు, క్యాలిపర్ తలుపులా పైకి లేస్తుంది. పూర్తిగా ఊడదీయాల్సి వస్తే దాన్ని తీగతో పైన స్ప్రింగుకు కట్టాలి. రబ్బరు గొట్టానికి వేలాడదీస్తే గొట్టం లోపలి పొర చిట్లవచ్చు, అది బయటికి కనపడదు.

పాత ప్యాడ్లను పారేసే ముందు పక్కపక్కన పెట్టి చూడటం మంచిది. వాటి మీద చాలా సమాచారం ఉంటుంది. రెండూ సమానంగా అరిగితే అంతా సవ్యమే. లోపలి ప్యాడు బాగా అరిగి బయటిది మందంగా మిగిలితే, పిన్నులు బిగుసుకుని క్యాలిపర్ జరగడం లేదని అర్థం. ఒకే ప్యాడు ఒక చివర పలచగా, ఇంకో చివర మందంగా ఉన్నా చూపు పిన్నుల మీదే పడాలి. కొత్త ప్యాడులో రాపిడి పదార్థం సాధారణంగా 10 మి.మీ. ప్రాంతంలో ఉంటుంది, 3 మి.మీ.కి వచ్చిందంటే మార్చాల్సిందే. డిస్కును కూడా చూడాలి. లోతైన గాడులు, పగుళ్లు ఉన్నా, డిస్కు మీదే అచ్చు వేసిన కనీస మందం కంటే పలచబడినా కొత్త ప్యాడ్లు దాన్ని కాపాడలేవు. వాన రాత్రి గడిచాక కనిపించే ఎర్రని తుప్పు పొర మాత్రం భయపడాల్సింది కాదు, నాలుగు బ్రేకులకు రాలిపోతుంది.

తరువాతి పని పిస్టన్‌ను లోపలికి నెట్టడం. పాత ప్యాడును పిస్టన్ మీద ఉంచి సీ-క్లాంపుతో నెమ్మదిగా బిగిస్తే అది వెనక్కి వెళుతుంది. బలం పెట్టినా కదలకపోతే, చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు చిరిగి ఉన్నా, ద్రవం చెమ్మ కనిపించినా అక్కడితో ఆపి మెకానిక్‌కు చూపించాలి.

పిస్టన్ వెనక్కి వెళ్లినప్పుడు అది నెట్టిన ద్రవం అంతా డబ్బాలోకి తిరిగివస్తుంది. ఒక్కో ప్యాడు 8 మి.మీ. అరిగిందనుకుంటే పిస్టన్ 16 మి.మీ. వెనక్కి పోవాలి. 50 మి.మీ. పిస్టన్‌కు అది 31 మిల్లీలీటర్లు, రెండు చక్రాలకు 60 మిల్లీలీటర్ల పైమాటే. మధ్యలో ఎవరో మట్టం తగ్గిందని డబ్బాను నిండా నింపి ఉంటే ఇప్పుడు అది పొర్లుతుంది. బ్రేకు ద్రవం రంగును తినేస్తుంది, కంటికి ప్రమాదం. కాబట్టి మూత తీసి మట్టం చూస్తూ నొక్కాలి, అవసరమైతే పిచికారీతో కొంత తీసేయాలి. ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి.

పని మొత్తంలో అందరూ దాటవేసేది పిన్నుల శుభ్రం. అసలు పని మాత్రం అదే. రెండు పిన్నులూ బయటికి లాగి, పాత జిడ్డు తుడిచి, బ్రేకుల కోసమే తయారైన సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. బేరింగులకు వాడే మామూలు గ్రీజు రాస్తే అక్కడి రబ్బరు ఉబ్బుతుంది, నెలలు తిరిగేసరికి పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది. ప్యాడు చెవులు కూర్చునే గాడులను తీగ బ్రష్షుతో గీకి, ప్యాడ్లతో వచ్చిన కొత్త క్లిప్పులు వేయాలి. ప్యాడు ముఖానికి గానీ డిస్కుకు గానీ గ్రీజు చుక్క కూడా తగలకూడదు. వేలిముద్ర పడినా క్లీనరుతో తుడవాలి. కూత నాలుక ఉన్న ప్యాడు పాతది ఏ వైపు ఉందో ఆ వైపే పెట్టి, క్యాలిపర్ దించి బోల్టు బిగించాలి.

బిగింపు ఎంత అన్నది పుస్తకంలో న్యూటన్‌మీటర్లలో ఇస్తారు. చిన్న కార్ల చక్రపు నట్లకు అది సుమారు 100 దాకా ఉంటుంది. 40 సెం.మీ. పొడవున్న పానా చివర 25 కిలోల బరువుతో నొక్కితే వచ్చే బిగింపు అంత. పానా మీద నిలబడి తొక్కేవారు దీనికి రెండు మూడు రెట్లు వేస్తారు, దాంతో బోల్టు మర సాగిపోతుంది. క్యాలిపర్ పిన్ను బోల్టులకు దీనిలో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు. నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి.

కదిలే ముందు పెడల్

రెండో ప్రాణాంతకమైన తప్పు పని పూర్తయిందన్న సంతోషంలో జరుగుతుంది. పిస్టన్లు లోపలికి వెళ్లి ఉన్నాయి, ప్యాడ్లకూ డిస్కుకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. పెడల్‌ను ఒకసారి పూర్తిగా నొక్కితే పిస్టన్ కదిలేది 2 మి.మీ. లోపే అని పైన చూశాం. అంటే ఈ స్థితిలో కారు బయలుదేరితే మొదటి నొక్కుకు పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. గేటు ముందే గోడకో, ఎదురుగా ఆడుకునే పిల్లలకో తగలడానికి ఆ ఒక్క నొక్కు చాలు. అందుకే ఇంజను స్టార్టు చేయకముందే పెడల్‌ను నెమ్మదిగా పదీ పదిహేనుసార్లు, అది రాయిలా గట్టిపడే దాకా నొక్కాలి. ఆ తరువాత డబ్బాలో మట్టం చూసి, మూత మీద రాసిన రకం ద్రవమే పోయాలి. ఎన్నిసార్లు నొక్కినా పెడల్ మెత్తగానే ఉంటే గొట్టాల్లో గాలి చేరిందని అర్థం. ఆ కారును నడపకూడదు.

కొత్త ప్యాడు మొదటి రోజే పూర్తిగా పట్టదు. వాహనాలు లేని రోడ్డు మీద 50 కి.మీ. వేగం నుంచి పదికి, పూర్తిగా ఆపకుండా, మధ్యమధ్య చల్లారనిస్తూ పదిసార్లు మెల్లగా బ్రేకు వేయాలి. దీని వల్ల ప్యాడు పదార్థం డిస్కు మీద పలచని పొరగా పరుచుకుంటుంది. ఆ తరువాత రాపిడి ఈ పొరకూ ప్యాడుకూ మధ్య జరుగుతుంది, పట్టు నిలకడగా ఉంటుంది. మొదటి రెండు మూడు వందల కి.మీ. వరకు అకస్మాత్తుగా గట్టిగా తొక్కే అవసరం రాకుండా చూసుకోవాలి.

కొత్త ప్యాడ్లు వేయించాం కదా అని మర్నాడే కొండ దారి పట్టేవారికి ఒక లెక్క. తిరుమల నుంచి తిరుపతికి దిగే ఘాట్ రోడ్డులో కారు దాదాపు 700 మీటర్ల ఎత్తు దిగుతుంది. మనుషులతో కలిపి 1,200 కిలోల బండికి అది 82 లక్షల జౌళ్ల శక్తి. దాన్ని బ్రేకులతోనే ఆపుకుంటూ దిగితే, 80 కి.మీ. వేగం నుంచి దాదాపు 28 సార్లు వరసగా ఆపినంత వేడి డిస్కుల్లో చేరుతుంది. ప్యాడులోని రెసిన్ మాడి వాయువులు వదలడం, పట్టు జారడం అప్పుడే మొదలవుతాయి. ద్రవానికీ ఒక హద్దు ఉంది. కొత్త డాట్ 3 ద్రవం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అలా తడిసిన ద్రవానికి ఆ హద్దు 140 డిగ్రీలే. డాట్ 4కు ఇవే అంకెలు 230, 155. ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు చేరతాయి. నీరు నొక్కుకుపోదు గానీ ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ నేలకు దిగుతుంది. రెండో గేరులో దిగితే ఆ వేడిలో పెద్ద భాగం ఇంజను తీసుకుంటుంది. ప్యాడ్లు కొత్తవే అయినా, ద్రవం పుస్తకంలో చెప్పిన గడువు దాటి ఉంటే దాన్నీ అప్పుడే మార్పించాలి.

చివరిగా మిగిలేది చిన్న పనే. యాభై వంద కి.మీ. తిరిగాక చక్రపు నట్ల బిగింపును ఒకసారి సరిచూసి, డబ్బాలో మట్టం ఎక్కడుందో చూసి, ఆ రోజు ఓడోమీటరులో ఉన్న అంకెను పుస్తకం వెనుక అట్ట మీద రాసిపెట్టుకోవాలి.